నలభై ఒక్క రోజులైనా పూర్తికాని బాత్రూమ్: నీళ్ళ టెస్టు వదిలేద్దామంటే ఒప్పుకోవాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. నిజాంపేటలో పదహారేళ్ళనాటి అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. మీ బెడ్‌రూమ్ బాత్రూమ్ నుంచి కింది ఫ్లాట్ సీలింగుకు నీళ్ళు దిగుతున్నాయని పని మొదలుపెట్టారు. కాంట్రాక్టరు 12 రోజుల్లో పూర్తి చేస్తానన్నాడు, ఇవాళ్టికి 41 రోజులు. డబ్బు 70 శాతం తీసుకున్నాడు, పని సగం కూడా కాలేదు. ఉన్న ఇంకో బాత్రూమ్‌లో ఇండియన్ టాయ్‌లెట్. మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారు, ఇంటర్ రెండో సంవత్సరం బాబు, మీరిద్దరూ అందులోనే సర్దుకుంటున్నారు. ఇప్పుడు కాంట్రాక్టరు "ఇప్పటికే లేటైంది కదా మేడమ్, నీళ్ళు నింపి చూసే టెస్టు వదిలేద్దాం, రేపే సంకెన్ పూడ్చేసి టైల్స్ మొదలుపెడితే సంక్రాంతిలోపు ఇచ్చేస్తా" అంటున్నాడు. సంకెన్ అంటే పైపుల కోసం బాత్రూమ్ నేల కింద స్లాబును దించి వదిలే గుంత. ఒప్పుకోవాలా, మనిషిని మార్చాలా, అప్పటిదాకా ఇల్లు ఎలా నడపాలి అని అడిగారు.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఒప్పుకోకండి. 41 రోజులు ఓపిక పట్టినవారు ఇంకో మూడు రోజులు పట్టండి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో మా ఇంటి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులో బిల్డింగ్ పనుల్లో ఉన్నాను. ఈమధ్య కొన్నేళ్ళుగా పాత ఫ్లాట్ల రిపేర్లే చూస్తున్నాను. అయినా 2018లో సఫిల్‌గూడలోని మా సొంత ఇంట్లో నేను చేసింది తప్పే. నాన్నగారికి అప్పుడు 78 ఏళ్ళు, తుంటి ఎముక ఆపరేషన్ అయి ఏడాది. ఆయన వాడే బాత్రూమ్‌ను జారని టైల్స్‌తో, పట్టుకోవడానికి కడ్డీలతో మార్చాలనుకున్నాం. నేను వేరే సైటులో ఉండేవాణ్ణి కాబట్టి పని ఇంకొకరికి అప్పగించాను. 15 రోజులన్నది కాస్తా 38వ రోజుకు వచ్చింది. ఇంట్లో అందరికీ విసుగు, దుమ్ము, మాటామాటా. ఆ రోజు మేస్త్రీ వచ్చి "సార్, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ బాగానే పట్టింది, నీళ్ళు నింపితే మళ్ళీ నాలుగు రోజులు పోతాయి" అన్నాడు. నేను సరేనన్నాను. పదిమంది ఇళ్ళలో పట్టుబట్టి చేయించే పరీక్షను మా ఇంట్లో వదిలేశాను.

నాలుగు నెలలకు కింది ఇంటావిడ ఫోన్‌లో ఫొటో తీసుకుని పైకి వచ్చారు. వాళ్ళ పూజగది సీలింగు మీద పళ్ళెమంత తడి మరక. కొత్త టైల్స్ పగలగొట్టి చూస్తే, టాయ్‌లెట్ నాలుగంగుళాల పైపు గోడ దాటి డక్ట్‌లోకి, అంటే పైపులు దిగే సందులోకి వెళ్ళేచోట పైపు చుట్టూ చిటికెనవేలు పట్టేంత సందు ఉంది. నీళ్ళు నింపి ఉంటే మొదటి రాత్రే బయటపడేది. మూడు రోజులు మిగిల్చుకోబోయి రెండోసారి 23 రోజులు, టైల్స్ ఖర్చు మొత్తం, కింది ఇంటికి పెయింటింగ్ ఖర్చు పెట్టుకున్నాం. అన్నిటికంటే నాన్నగారు రెండోసారి పడిన ఇబ్బంది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దాని గురించి చివర్లో చెబుతాను.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. బాత్రూమ్ పనిలో ఆలస్యం రెండు రకాలు. సిమెంటు, కోటింగ్, టైల్స్ అతికించే గమ్ము, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ ఆరడానికీ, పైపులూ స్లాబూ పరీక్షకు నిలబడడానికీ పట్టే రోజులు ఒక రకం. ఆ రోజుల్లో ఎవరూ పనిచేస్తున్నట్టు కనిపించదు కానీ పని జరుగుతూనే ఉంటుంది. మేస్త్రీ రాకపోవడం, టైల్స్ రాకపోవడం, ప్లంబరు ఫోన్ ఎత్తకపోవడం రెండో రకం. ఇవి పూర్తిగా వృథా. మనకు కోపం రెండో రకం మీద వస్తుంది, కానీ కోత వేసేది మొదటి రకం మీద. కాంట్రాక్టరుకు కూడా అదే సులువు. తను రాని 20 రోజులను ఎలాగూ వెనక్కి తేలేడు కాబట్టి ఆరబెట్టాల్సిన రోజుల్లోంచి కోసి మనల్ని సంతోషపెడతాడు.

ఆయన మొదట చెప్పిన 12 రోజులు కూడా అసలు కుదిరే లెక్క కాదు. మీలా సంకెన్ అడుగుదాకా తవ్విన బాత్రూమ్‌కు పాత టైల్స్, ఫిల్లింగ్ పగలగొట్టి రబ్బిష్ దించడానికే మూడు రోజులు. ఏళ్ళ తరబడి తడిసిన స్లాబు ఆరడానికి రెండు మూడు రోజులు. పైపులు వేసి ప్రెషర్ టెస్టు చేయడానికి నాలుగు. ప్లాస్టరింగ్‌కు, దాన్ని తడపడానికి వారం. కోటింగ్ రెండు పూతలు, అవి గట్టిపడడం, నీళ్ళ టెస్టు కలిపి మళ్ళీ వారం. ఫిల్లింగ్, దాని మీద సిమెంటు బెడ్, గోడ టైల్స్, నేల టైల్స్, గ్రౌట్ అన్నీ చేసి కుళాయిలు బిగించేసరికి ఇంకో పది పన్నెండు రోజులు. అందరూ చెప్పిన రోజుకు వచ్చినా దాదాపు ఐదు వారాలు పడుతుంది. సంకెన్ జోలికి పోకుండా పైపైన టైల్స్ మార్చే పనైతేనే 12 రోజుల మాట కొంతవరకు నమ్మొచ్చు. ఈ లెక్కన ఇప్పుడున్న దశకు రావడానికే ఓ మూడు వారాలు పట్టాలి, కాబట్టి మీకు జరిగిన ఆలస్యం 29 రోజులు కాదు, ఓ మూడు వారాలు. ఇది కాంట్రాక్టరును వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ముందే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే మీరు అత్తగారికి వేరే ఏర్పాటు చేసుకునేవారు. ఆ అవకాశం లేకుండా చేశాడు, అది ఆయన తప్పు.

ఇప్పుడు మీ బాత్రూమ్ ఉన్న దశ చాలా ముఖ్యమైనది. పైపులు పడ్డాయి, సంకెన్ అడుగునా గోడలకూ రెండు పూతల కోటింగ్ అయింది, ఇంకా పూడ్చలేదు అన్నారు. అంటే లీకును కంటితో చూడగలిగే ఆఖరి అవకాశం ఇదే. పూడ్చాక ఏం జరిగినా కింది సీలింగే మనకు చెప్పాలి.

కోటింగ్ డబ్బా మీద రెండో పూత తర్వాత ఎన్ని రోజులు ఆరాలో రాసి ఉంటుంది. చలికాలం కాబట్టి ఒక రోజు అదనంగా ఇవ్వండి. తర్వాత డ్రైనేజీ పైపుల నోళ్ళన్నీ క్యాపులతో బిగించి మూయించండి. గుడ్డ కుక్కి పైన సిమెంటు పూస్తామంటే వద్దనండి, ఆ ముక్కలు లోపలికి జారితే అదో తలనొప్పి. పైపులు గోడ దాటే చోట్లు పూర్తిగా మునిగేదాకా సంకెన్‌లో నీళ్ళు నింపించండి. నీటిమట్టం దగ్గర గోడ మీద మార్కరుతో గీత పెట్టి తేదీ, టైము రాయండి. అదే బాత్రూమ్‌లో ఒక మూలన, పీట మీద, నీళ్ళు నింపిన బకెట్ పెట్టి దానికీ గీత పెట్టండి. చాలామంది ఈ బకెట్ సంగతి మర్చిపోతారు. మూడు రోజుల్లో ఎంతోకొంత నీరు ఆవిరవుతుంది. సంకెన్‌లో తగ్గగానే "అది ఆవిరేనండీ" అంటాడు మేస్త్రీ. బకెట్‌లో ఎంత తగ్గిందో సంకెన్‌లోనూ సుమారు అంతే తగ్గితే ఆయన మాట నిజం. బకెట్‌లో నూలుపోగంత తగ్గి సంకెన్‌లో వేలెడు తగ్గితే లీకున్నట్టే.

కింది ఇంటివారిని ముందే కలవండి. వాళ్ళ సీలింగు మీద ఇప్పుడున్న తడి మరక చుట్టూ పెన్సిల్‌తో గీయించండి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఫొటో తీయమనండి. పాత తడి ఆరడానికి వారాలు పడుతుంది కాబట్టి మరక ఉండటం చూసి కంగారు పడొద్దు. గీత దాటి పెరిగిందా, కొత్తగా చుక్కలు కడుతోందా అన్నదే చూడాలి. మొత్తం 72 గంటలు. 24 గంటలు చాలనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. సన్నటి సందులోంచి నీరు స్లాబు మందం దాటి కింద కనిపించడానికి రెండో రోజో మూడో రోజో పట్టడం నేను చాలాసార్లు చూశాను.

అదే సమయంలో గోడల్లో వేసిన చన్నీళ్ళ, వేడినీళ్ళ సీపీవీసీ పైపులకు ప్రెషర్ టెస్టు అయిందో లేదో అడగండి. చేతిపంపు పెట్టి, మామూలుగా వచ్చే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ముల్లు దిగకుండా నిలబడిందో లేదో చూస్తారు. కాలేదంటే టైల్స్ ముట్టుకోకముందే చేయించండి. జాయింటు అతికించిన రోజే కాకుండా మర్నాడు చేస్తే మంచిది. గీజరు పాయింటు 16 ఆంపులదై ఉండాలి, 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగాలి, ఇంటి బోర్డులో, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. లేకపోతే ఇదే సమయంలో పెట్టించండి.

టెస్టు నిలబడితే, పూడ్చే రోజు మీరో మీవారో తప్పకుండా ఇంట్లో ఉండండి. ఈ మాట మరీమరీ చెబుతున్నాను. పగలగొట్టిన పాత టైల్స్ ముక్కల్నే మళ్ళీ సంకెన్‌లో పోసి పూడ్చేయడం కొందరికి అలవాటు. నాలుగంతస్తులు మోసి దించే కూలీ మిగులుతుంది కదా. ఆ ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి, రెండు పూతల కోటింగ్‌ను అక్కడికక్కడే చీల్చేస్తాయి. ముందు కోటింగ్ మీద పలచగా సిమెంటు మాలు పొర వేయించి, అది గట్టిపడ్డాక తేలికపాటి బ్లాకుల ముక్కలో శుభ్రమైన ఇటుక ముక్కలో వేయించండి. బస్తాల్లో మీ బాల్కనీలో ఉన్న రబ్బిష్‌ను ఆయన చేతే దింపించండి. హైదరాబాదులో కట్టడాల వ్యర్థాలను మళ్ళీ వాడుకునేలా మార్చే ప్లాంట్లు జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ ఉన్నాయి. నాలాలో, ఖాళీ ప్లాట్లలో పారబోయనివ్వకండి.

ఇక సంక్రాంతి. డిసెంబరు ఆఖరు వారంలో ఉన్నాం. జనవరి 8, 9 నుంచే మనవాళ్ళు ఊళ్ళకు బయల్దేరతారు. కనుమ వెళ్ళి, ముక్కనుమ వెళ్ళి, మళ్ళీ మనుషులు సైటు మీదికి వచ్చేసరికి 18, 20 తారీఖులు. టైల్స్ వేసే కుర్రాళ్ళు రాజస్థాన్, బిహార్ వాళ్ళయితే పండక్కి ఉంటారు కానీ, వాళ్ళకు పని చూపించే మేస్త్రీ ఉండడు. మీ కాంట్రాక్టరు తొందర అందుకే. టైల్స్ గోడ ఎక్కితే ఆ దశ డబ్బు పండగలోపు చేతికొస్తుంది. ఆయన ఇంటి అవసరం ఆయనది, తప్పుపట్టను. కానీ ఆ పదిరోజుల ఖాళీని మనం వాడుకోవచ్చు. ఆరాల్సినవి, నానాల్సినవి, పరీక్షకు నిలబడాల్సినవి మనుషులు లేని రోజుల్లోకి తోసేయాలి.

మీకు నేనైతే ఇలా చేస్తాను. కోటింగ్ ఆరే గడువు అయిపోయి ఉంటే రేపే సంకెన్‌లో నీళ్ళు నింపుతాను. మూడు రోజులు పోగా లీకు లేకపోతే నాలుగో రోజు నీళ్ళు తోడించి, రక్షణ పొర, ఫిల్లింగ్ పూర్తి చేయిస్తాను. జనవరి 5, 6 కల్లా పైన సిమెంటు బెడ్ వాటంతో వేయించేస్తాను. నీళ్ళు నహానీ ట్రాప్ వైపు, అంటే నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ వైపు పరుగెత్తేలా మీటరుకు ఒక సెంటీమీటరుకు పైనే వాటం ఉండాలి. మేస్త్రీ రసమట్టం పెట్టి చూపిస్తాడు, అయినా ఒక చెంబు నీళ్ళు నాలుగు మూలలా పోసి మీ కళ్ళతో చూసుకోండి. పండగ రోజుల్లో మీరే పూటకోసారి ఆ బెడ్‌ను తడపండి. వారం తడిపి రెండు రోజులు ఆరనిస్తే, 18న మనుషులు రాగానే ఆ బెడ్ మీదా, గోడలకు అడుగు ఎత్తు వరకూ, షవర్ ఉన్న వైపు ఆరేడు అడుగుల ఎత్తు వరకూ రెండో విడత కోటింగ్ వేయొచ్చు. ఆ తర్వాత గుమ్మం దగ్గర ఒక వరస ఇటుక కట్టి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి ఇంకో టెస్టు. అప్పుడు టైల్స్. జనవరి నెలాఖరుకు బాత్రూమ్ చేతికొస్తుంది. సంక్రాంతికి రాదు. ఆ ఆశ ఇవాళే వదిలేస్తే ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

టైల్స్ ఇంకా రాలేదని, "మోర్బీ (గుజరాత్‌లో టైల్స్ తయారయ్యే ఊరు) నుంచి లారీ వస్తోంది" అని మూడు వారాలుగా చెబుతున్నారన్నారు. షాపుకు మీరే ఫోన్ చేసి లారీ రసీదు నంబరు, అంటే ఎల్‌ఆర్ నంబరు అడగండి. సరుకు లారీ ఎక్కితే ఆ నంబరు ఉండి తీరుతుంది. నంబరు చెప్పలేకపోతే మీ టైల్స్ గుజరాత్ దాటలేదు, బహుశా ఆర్డరే పడలేదు. అప్పుడు పంతానికి పోకుండా ఇక్కడి గోడౌన్లో చేతికందేలా ఉన్న స్టాకులోంచి ఎంచుకోండి. వచ్చాక ప్రతి డబ్బా మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూడండి. 10 శాతం ఎక్కువ తీసుకోండి, మిగిలినవి ఎక్కడైనా దాచండి. నేలకు నున్నటి టైల్స్ అసలు వద్దు, పెద్దావిడ ఉన్న ఇల్లు. ఇంకొక విషయం, కమోడ్ కొనేముందు గోడ నుంచి డ్రైనేజీ పైపు మధ్య వరకు ఎన్ని అంగుళాలుందో కొలిచి, ఆ కొలత కాగితం షాపుకు తీసుకెళ్ళండి. తొమ్మిది అంగుళాలున్న చోటికి పన్నెండు అంగుళాల కమోడ్ తెచ్చి, మార్చుకోవడానికి వారం పోగొట్టుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు.

మనిషిని మార్చాలా అన్నదానికి వద్దాం. కొత్తగా వచ్చేవాడు ముందు చెప్పేమాట "పాతవాడి వాటర్‌ప్రూఫింగ్‌కు నేను గ్యారంటీ ఇవ్వను, మొత్తం తీసేయాలి" అని. అందులో న్యాయం ఉంది. అందుకే మధ్యలో తెంచుకోవద్దు. నీళ్ళ టెస్టు అయ్యాక, ఫలితం కళ్ళెదుట ఉన్నప్పుడు అది మార్చుకోవడానికి సరైన మజిలీ. అప్పటికి పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పెట్టి తీసిన ఫొటోలు, వాడిన సరుకుల బిల్లులు మీ దగ్గర ఉండాలి. ఆ ఫొటోలు ఇవాళే తీసుకోండి. రేపు టవల్ రాడ్ బిగించేటప్పుడు డ్రిల్లు పైపులో దిగకుండా కాపాడేవి అవే.

అయితే మార్చే ముందు ఒక్కసారి ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడమంటాను. అరవకండి. ఈ పనిలో ఒక్కో కాంట్రాక్టరు మూడు నాలుగు సైట్లు పట్టుకుంటాడు. మీ అడ్వాన్సు ముందటి సైటు బాకీలకు పోతుంది, మీ సైటుకు వచ్చేసరికి టైల్స్ మేస్త్రీకి కూలీ ఇవ్వడానికి చేతిలో ఉండదు, మేస్త్రీ రాడు. చాలాసార్లు జరిగేది ఇదే. అందుకని మిగిలిన 30 శాతం ఆయన చేతిలో పెట్టకండి. మిగిలిన పనులన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి, ఒక్కోదానికి తేదీ, ఒక్కోదానికి ఎంత డబ్బో రాయండి. సరుకులు మీరే షాపులో కట్టి కొనండి. మేస్త్రీ కూలీ ఆయన ఎదుటే, ఏ రోజుది ఆ రోజు మీరే ఇచ్చి లెక్కలో తగ్గించండి. ఆఖరి పది శాతం మాత్రం, అన్నీ బిగించి, రెండు వారాలు మీరు వాడి, కింది సీలింగు పొడిగా ఉందని చూశాకే. ఇద్దరూ సంతకం పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోండి. కూలీ తన చేతికే అందుతుందని తెలిస్తే మేస్త్రీ తెల్లారేసరికి వస్తాడు, ఇది నేను ఎన్నో ఇళ్ళలో చూసిన మాట.

దీనికీ దారికి రాకపోతే, ఫోన్లు ఎత్తకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. పని విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అక్కడ కాగితాలే మాట్లాడతాయి, కాబట్టి ఇప్పటిదాకా పంపిన డబ్బుకు యూపీఐ రుజువులు, మెసేజ్‌లు చెరిపేయకండి.

ఇంట్లో ఉండడం గురించి. దుమ్ముకు, బాత్రూమ్ గుమ్మానికి తడి గోనెపట్టా వేలాడదీసి, బెడ్‌రూమ్ తలుపు కింద తడిగుడ్డ పెట్టండి. టైల్స్ కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ, బాల్కనీలోనే కోయాలని పట్టుబట్టండి. ఆ తెల్లటి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మనకే కాదు, ఆ పని చేసేవాడికి కూడా. కోసే కుర్రాడికి ఒక మాస్కు కొనివ్వండి. రాత్రిళ్ళు వాసన వస్తోందని రాశారు. కమోడ్ తీసేసిన పైపు నోరు తెరిచి ఉంటే వాసనే కాదు, బొద్దింకలు కూడా వస్తాయి, పైనుంచి ఇటుక ముక్క పడితే లైనే పూడుకుపోతుంది. ఇందాక చెప్పిన క్యాపులు ఎప్పుడూ బిగించే ఉండాలి. ఆ బాత్రూమ్‌కు విడిగా వాల్వు లేకపోతే ఒకటి పెట్టించండి. ప్లంబరు వచ్చినప్పుడల్లా ఇంటి మొత్తానికి నీళ్ళు కట్టేసే బాధ తప్పుతుంది. అప్పటిదాకా వంటింట్లో ఒక డ్రమ్ము, బాత్రూమ్‌లో రెండు బకెట్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. బాబు చదువు గురించి, కొట్టుడు పనులు ఉన్న రోజు ఏదో ముందురోజు రాత్రే కాంట్రాక్టరు చేత చెప్పించుకోండి. ఆ రోజుకు బాబు లైబ్రరీకో స్నేహితుడింటికో వెళ్ళి చదువుకోవచ్చు. ఇకపై పెద్ద చప్పుడు పనులు ఎక్కువ లేవు, టైల్స్ కోత ఒక్కటే.

అత్తగారి విషయం అన్నిటికంటే ముందు రాయాల్సింది. ఇండియన్ టాయ్‌లెట్ మీద కూర్చోలేక అవస్థ పడుతున్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాన్నగారి సంగతి చివర్లో చెబుతానన్నాను కదా. పని రెండోసారి మొదలైనప్పుడు ఆయన మాకెవరికీ చెప్పకుండా మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు. హాలు దాటి అవతలి బాత్రూమ్‌కు వెళ్ళాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి, రాత్రిళ్ళు మమ్మల్ని లేపడం ఆయనకు ఇష్టం లేదు. చెంబు నిండుగా ఉండేది, మేము గమనించలేదు. పన్నెండో రోజు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరు, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మంచం పక్కన కూర్చుని "ఎందుకు నాన్నా చెప్పలేదు" అంటే "నీకు అసలే పని లేటవుతోందని టెన్షన్, నా గోల ఎందుకురా" అన్నారు.

పెద్దవాళ్ళు ఇలాంటివి చెప్పరమ్మా. మీరే చూసుకోవాలి. ఉదయం ఒక లీటరు సీసా నింపి ఆవిడ దగ్గర పెట్టండి, సాయంత్రానికి ఎంత మిగిలిందో చూడండి. మెడికల్ సామాన్ల షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, నెలకు అద్దెకూ ఇస్తారు. మధ్యలో రంధ్రం ఉండి, అడుగున డబ్బా తీసేస్తే నేరుగా ఇండియన్ టాయ్‌లెట్ మీద పెట్టుకోవచ్చు. రాత్రిపూట డబ్బా పెట్టి మంచం పక్కనే ఉంచొచ్చు. చక్రాలు లేనిది, కాళ్ళకు రబ్బరు తొడుగులున్నది చూసి తీసుకోండి. స్నానానికి ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు, కింద జారని మ్యాట్, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు. పొద్దున ఆ బాత్రూమ్ మొదటి వంతు ఆవిడదే అని ఇంట్లో అందరికీ చెప్పండి, ఆవిడ ఎదుటే చెప్పండి. తలుపు బయట ఎవరో నిలబడి ఉన్నారనే తొందరలోనే పెద్దవాళ్ళు జారిపడతారు. కొత్త బాత్రూమ్‌లో కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకునే కడ్డీలు ఎక్కడ రావాలో ఆవిణ్ణే అక్కడ నిలబెట్టి, చెయ్యి ఎక్కడికి అందుతుందో చూసి గోడ మీద గుర్తుపెట్టండి. టైల్స్ వేయకముందే ఆ చోట గోడ గట్టిగా ఉందో లేదో మేస్త్రీ చూసుకుంటాడు.

కుర్చీ ఇవాళ సాయంత్రమే తెప్పించండి, నీళ్ళు నింపడం రేపు. నింపాక గీత పెట్టిన ఫొటో, మర్నాడు ఉదయం ఫొటో ఇక్కడే పెట్టండి, తేడా ఎంతుందో నేనూ చూసి చెబుతాను.